మా తండ్రిగారి మైదానం

ప్రతి సంవత్సరం వార్షిక సంచిక పని ప్రారంభం కాగానే సంపాదకవర్గంలోని విద్యార్థులు మా గదికి వచ్చి "సార్, ఈసారి కూడ ఒక వ్యాసం" అని అడుగుట, మేము ప్రబంధాలలోని ఋతువర్ణనను గురించియో, సామెతలను గురించియో నాలుగు పుటలు వ్రాసి ఇచ్చుట, అది పరీక్షకు రాదని తెలిసికొని విద్యార్థులు దానిని చదువకుండ వదలివేయుట ఒక ఆనవాయితీగా జరుగుతున్నది. ఈ సంవత్సరం అడుగ వచ్చినప్పుడు గోల్ఫు ఆటను గురించి వ్రాస్తామని చెప్పినాము. వారు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. క్రికెట్టు అని ఉంటే అర్థం చేసికొనేవారు. సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రతుకుతున్న తెలుగు ఉపన్యాసకునికి కోటీశ్వరుల ఆటతో పని యేమిటని వారి అనుమానం. అనుమానం సహేతుకమే. మేము ఆ ఆటను ఎన్నడూ ఆడలేదు. కాని దాని సంపాదనతోనే పెరిగినాము, దానితోనే చదువుకొన్నాము. మా తండ్రిగారు గోల్ఫు మైదానంలో కేడీగా ముప్పది యేడు సంవత్సరాలు పనిచేసినారు.

ఈ మాట వ్రాయుటకు మాకు ఇంత వయస్సు పట్టినది. ఎందుకు పట్టినదో క్రమంగా చెబుతాము.

ముందుగా ఆ "కేడీ" అన్న మాట సంగతి. ఆటగాని సంచి మోసికొని అతని వెంట నడిచే మనిషిని కేడీ అంటారు. ఇది ఫ్రెంచి భాషలోని "కాడే" అను పదంనుండి వచ్చినది. దానికి ఇంటిలోని చిన్న కొడుకు అని అర్థం. ఎంత ముద్దైన పుట్టుక! కాని మన తెలుగునాట కేడీ అంటే పోలీసు రికార్డుకెక్కిన రౌడీ అని అర్థం. నాలుగవ తరగతిలో మాస్టారు "మీ నాన్న ఏం పని చేస్తాడురా?" అని అడుగగా, మేము లేచి నిలబడి "కేడీ సార్" అని బిగ్గరగా చెప్పినాము. తరగతి అంతా గొల్లున నవ్వినది. మాస్టారు కూడ నవ్వు ఆపుకొనలేకపోయినారు. ఆనాటినుండి ఆ మాటను మా నోటితో పలుకుట మానివేసినాము. భాషాశాస్త్రం చదివిన తరువాత ఒక శబ్దానికి రెండు అర్థాలు ఎట్లు వచ్చి చేరునో తరగతిలో ఎన్నో ఉదాహరణలతో బోధించినాము గాని, ఈ ఒక్క ఉదాహరణను మాత్రం ఎన్నడూ వాడలేదు.

సికింద్రాబాదు కంటోన్మెంటు వైపున ఉండే ఆ మైదానం ఇప్పటి టెలివిజనులో కనిపించే పచ్చని తివాచీ వంటిది కాదు. దక్కను నేల ఎట్లుండునో అట్లే ఉండేది. ఏనుగుల వంటి నల్లని బండరాళ్ళు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు, వేసవి వచ్చినదంటే పిండివలె లేచే ఎర్రమట్టి. బంతిని రంధ్రంలోనికి దొర్లించే చోట పచ్చగడ్డి పెంచుటకు నీళ్ళు చాలక, ఇసుకలో పాత ఇంజను నూనె కలిపి చదును చేసేవారు. అటువంటి చోటును "గ్రీన్" అనక "బ్రౌన్" అనేవారు. ఆటగాడు బంతిని దొర్లించుటకు ముందు కేడీ ఆ ఇసుకపై అడుగుజాడలను చెరిపి, దారి నున్నగా చేయవలెను. మా తండ్రిగారి చొక్కాలకు ఎల్లప్పుడూ ఆ నూనె వాసన ఉండేది. అమ్మీ ఎంత ఉతికినా పోయేది కాదు.

ఫజర్ నమాజు ముగించుకొని చీకటితోనే సైకిలుపై వెళ్ళేవారు. పది పన్నెండు కిలోల సంచి భుజాన వేసికొని, పదునెనిమిది రంధ్రాల ఆట పూర్తి అగువరకు నాలుగైదు గంటలు నడిచేవారు. వారాంతంలో ఉదయం ఒక సంచి, సాయంత్రం ఒక సంచి. జీతం లేదు. ఆటగాడు ఇచ్చిన కూలి, ఆపైన మనసు పుట్టినంత బక్షీషు. వానలు పడితే ఆట లేదు, ఆట లేకపోతే ఇంటిలో కూర లేదు.

మా తండ్రిగారికి ఉర్దూ చదువ వచ్చును. ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమియు రావు. అయినను వారికి తెలిసిన విద్య మాకు ఇప్పటికిని ఆశ్చర్యమే. ఒక తుమ్మచెట్టునుండి జెండావరకు ఎన్ని గజాలో అడుగులతో కొలిచి జ్ఞాపకం ఉంచుకొనేవారు. చిటికెడు ఎండుగడ్డి గాలిలో వదలి, అది పడిన తీరునుబట్టి ఏ ఐరన్ అందించవలెనో నిర్ణయించేవారు. సంచిలో పదునాలుగు కర్రలకు మించి ఉండరాదని నియమం. ఆ పదునాలుగింటిలో ఒకదానిని ఎన్నుకొనుటలోనే సగం ఆట ఉన్నదని వారనేవారు. సోమవారం నాడు మైదానానికి సెలవు, కేడీలు ఆడుకొనవచ్చును. ఎవరో పారవేసిన ఏడవ నంబరు ఐరన్ ఒకటి మా తండ్రిగారి వద్ద ఉండేది. ఆ ఒక్క కర్రతోనే అన్ని రంధ్రాలూ ఆడేవారు. బాగుగా ఆడేవారని తోటి కేడీలు చెప్పగా విన్నాము, వారి నోట ఎన్నడూ వినలేదు.

ఆట తెలియని విద్యార్థులకు దాని స్వభావం కొంచెం చెప్పవలెను. సుమారు నలుబదియారు గ్రాముల బంతి. నూట ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు గల రంధ్రం. వందల గజాల దూరంనుండి ఆ బంతిని ఆ రంధ్రంలోనికి ఎంత తక్కువ దెబ్బలతో చేర్చితే అంత గొప్ప. కాని మాకు ముఖ్యంగా తోచినది వేరొకటి. క్రికెట్టులో వలె ప్రతి బంతికి వెనుక తెల్లకోటు వేసికొన్న అంపైరు ఇందులో నిలబడడు. ఆటగాడు పొదలోనికి పోతే అతడు, అతని కేడీ, పైనున్న అల్లా తప్ప చూచేవారు లేరు. తన తప్పును తానే చెప్పుకొని, తనకు తానే ఒక దెబ్బ అదనంగా వేసికొనవలెను. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అను ఆటగాడు కర్రను బంతి దగ్గర ఆనించుచుండగా బంతి రవంత కదలినది. మరెవ్వరూ చూడలేదు. అతడు తానే ఆ సంగతి చెప్పి ఒక దెబ్బ కలుపుకొన్నాడు. చివరకు పోటీ సమానమై, మరల ఆడవలసివచ్చి, ఓడిపోయినాడు. బంతి ఎక్కడ పడినదో అక్కడినుండియే ఆడవలెను అన్నది ఈ ఆటకు కలిమా వంటిది.

2000వ సంవత్సరం మే నెల. మాకు పండ్రెండేండ్లు. వేసవి సెలవులలో మేము "ఆగేవాలా"గా వెళ్ళేవారము. అనగా ముందుగా వెళ్ళి నిలబడి, బంతి ఎక్కడ పడినదో చూచి చూపించే పిల్లవాడు. ఆ నెల పోటీలో మా తండ్రిగారు మోసే సంచి ఒక పెద్ద అధికారిది. ఐదారేండ్లుగా శని, ఆదివారాలు ఆయన వారిని తప్ప మరొక కేడీని పిలిచేవారు కారు. ఆనాడు ఆయన ఆట చక్కగా సాగుతున్నది. కప్పు వచ్చునని అందరూ అనుకొంటున్నారు. పదునాలుగవ రంధ్రం దగ్గర బంతి పక్కకు పోయి తుమ్మకంపలో పడినది. అప్పటి నియమం ప్రకారం వెదకుటకు ఐదు నిమిషాలు వ్యవధి ఉండేది. 2019నుండి దానిని మూడు నిమిషాలు చేసినారు. మాకు ఒక్క నిమిషంలోనే కనబడినది. రెండు వేళ్ళ మధ్య ఇరికినట్లు కంప మొదట్లో ఇరుకుకొని ఉన్నది. అక్కడినుండి దానిని ఎవరూ కొట్టలేరు. పెద్దలు ఇంకను దూరంలో ఉన్నారు. మేము చెప్పు ముక్కుతో దానిని రెండు జానలు బయటకు జరిపి, చేయి పైకెత్తి "మిల్ గయా సాబ్" అని కేక వేసినాము.

ఆ అధికారి వచ్చి, బంతి ఉన్న చోటు చూచి సంతోషించి, కర్రకొరకు చేయి చాచినారు. మా తండ్రిగారు కర్ర ఇవ్వలేదు. వంగి నేలను చూచినారు. పలుచని దుమ్ములో బంతి దొర్లిన చార, దాని పక్కనే ఒక చిన్న చెప్పుగుర్తు. వారు నిటారుగా నిలబడి "సాబ్, బాల్ హిల్ గయా. బచ్చా హిలాయా" అన్నారు. మా వైపు చూడలేదు.

ఆ అధికారి చెడ్డవారు కారు. ఒక్క మాట అనకుండ బంతిని మరల కంపలో పెట్టించినారు. తన పక్షపు పిల్లవాడు జరిపినాడు గనుక ఒక దెబ్బ, బయటకు తీసి ఆడినందుకు మరియొక దెబ్బ వ్రాసికొన్నారు. ఆ తరువాత ఆయన చేయి కుదురలేదు. కప్పు వేరొకరికి పోయినది. కూలి లెక్కపెట్టి ఇచ్చి కారెక్కి వెళ్ళిపోయినారు. మరుసటి శనివారం వేరొక కేడీని పిలిచినారు. ఆ తరువాత కూడ.

ఇంటికి తిరిగివచ్చునప్పుడు మేము సైకిలు వెనుక కూర్చుండి దెబ్బలకు సిద్ధపడి ఉన్నాము. చాల దూరం వచ్చిన తరువాత వారు తల తిప్పకుండ అడిగినారు: "ఎవరికోసం జరిపినావు బేటా? సాబు కోసమా?" మేము ఏడుస్తూ "మీకోసం అబ్బా" అన్నాము. నిజంగా వారికోసమే. కప్పు వస్తే బక్షీషు పెద్దది వచ్చునని తెలుసు. వారు కొంతసేపు తొక్కి "నాకోసమైతే నన్ను ఒక మాట అడిగి ఉండవలసింది" అన్నారు. అంతే. ఆనాటినుండి ఈనాటివరకు ఆ విషయమై మరొక మాట అనలేదు.

అమ్మీ మాత్రం ఊరుకోలేదు. జూన్ నెలలో బడి ఫీజు కట్టలేక గడువు అడుగవలసివచ్చినప్పుడు, "మీ నిజానికి మోండా మార్కెట్టులో కిలో ఎంత పలుకుతున్నదో ఒకసారి కనుక్కొని రండి" అన్నది. మా తండ్రిగారు జవాబు చెప్పలేదు. అమ్మీ ప్రశ్న తప్పని మేము ఇప్పటికిని అనుకొనము. ఒక మనిషి నిజం చెప్పినప్పుడు దాని ఖర్చును ఇంటిలోని స్త్రీ ఎక్కువగా భరిస్తుంది. ఈ సంగతిని గ్రంథాలలో అంతగా వ్రాయరు.

తరువాత ఎన్నో ఏండ్లకు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుకొనే రోజులలో, మేము గోల్ఫు చరిత్ర పుస్తకాలను దొంగచాటుగా చదువుట ప్రారంభించినాము. తెలుగు విద్యార్థి చేతిలో అటువంటి పుస్తకం ఏమిటని ఎవరైనా అడుగుతారని అట్టను లోపలికి మడిచి కూర్చుండేవారము. అందులో ఒక తండ్రీకొడుకుల కథ మమ్ములను పట్టుకొన్నది. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ అను ఊరిలో 1821లో పుట్టిన టామ్ మారిస్ ఒక నేతపనివాని కుమారుడు. మైదానం సంరక్షించే పని చేస్తూ, బ్రిటిషు ఓపెన్ పోటీని నాలుగుసార్లు గెలిచినాడు. చివరిసారి 1867లో గెలిచినప్పుడు వయస్సు నలుబదియారు. మరుసటి యేడు 1868లో దానినే అతని కుమారుడు, అతని పేరు కూడ టామ్, పదునేడేండ్ల వయస్సులో గెలిచినాడు. ఆ పోటీని గెలిచినవారిలో అందరికంటె పెద్దవాడు తండ్రి, అందరికంటె చిన్నవాడు కొడుకు అన్న రికార్డులు నేటికిని చెక్కుచెదరలేదు. 1869లో కొడుకు మొదటివాడు, తండ్రి రెండవవాడు. కొడుకు చేతిలో ఓడిపోవుటకంటె తండ్రికి మించిన గెలుపు ఏమున్నది!

కాని కథ అక్కడ ఆగలేదు. 1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు జట్టుగా నార్త్ బెర్విక్‌లో ఆడుచుండగా, ఆట చివరి దశలో తంతి వచ్చినది. కొడుకు భార్యకు ప్రసవం కష్టంగా ఉన్నదని. సముద్రపు పాయను పడవలో దాటి ఇల్లు చేరునప్పటికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ దుఃఖంనుండి కొడుకు తేరుకోలేదు. అదే సంవత్సరం డిసెంబరు 25న ఇరువదినాలుగేండ్ల వయస్సులో మరణించినాడు. తండ్రి ఇంకను ముప్పది రెండేండ్లకు పైగా బ్రతికి, తన బిడ్డలందరినీ మట్టికి అప్పగించి, 1908లో వెళ్ళిపోయినాడు. ఆదివారం మనిషికి విశ్రాంతి అక్కరలేకపోయినా మైదానానికి అవసరమని అతడు పట్టుపట్టేవాడట. ఆ పాత మైదానంలో ఇప్పటికిని సాధారణంగా ఆదివారాలు ఆట ఉండదు, ఊరివారు వచ్చి షికారు తిరుగుతారు.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఈ కథను మా తండ్రిగారికి ఉర్దూలో చెప్పినాము. కన్నీరు పెట్టుకొంటారని అనుకొన్నాము. వారు అంతా విని ఒక్క ప్రశ్న వేసినారు: "కొడుకును పూడ్చి వచ్చిన తరువాత ఆ మైదానంలో ఇసుక ఎవరు చల్లినారు?" ఆయనే చల్లినాడు అబ్బా, ఆ పని తరువాత ఎన్నో ఏండ్లు ఆయనే చేసినాడు అని చెప్పినాము. "చేస్తాడు మరి" అన్నారు.

అమెరికాలో ఆర్నాల్డ్ పామర్ తండ్రి సంగతియు చెప్పినాము. చిన్ననాడే పోలియో వచ్చి కాలు దెబ్బతిన్నను, లాట్రోబ్ అను ఊరి క్లబ్బులో మైదానం పని చేసేవాడు. పనివాని కొడుకు గనుక చిన్ననాడు ఆ పిల్లవానికి క్లబ్బు భవనంలో సభ్యుల మధ్య చోటు లేదు. పిల్లవాడు ఒకసారి కోపంతో కర్ర విసరివేయగా, మరొక్కసారి విసిరితే ఇక ఆట లేదని తండ్రి హెచ్చరించినాడు. 1971లో ఆ క్లబ్బునే కొడుకు కొన్నాడు. కొన్న సంగతికంటె కర్ర విసరిన సంగతి మా తండ్రిగారికి బాగుగా నచ్చినది. మన దేశంలో మిల్ఖాసింగు, జీవ్ మిల్ఖాసింగుల కథ మీకందరికీ తెలిసినదే గనుక వ్రాయము. కాని అలీ షేర్ పేరు ఎందరికి తెలియును? ఢిల్లీ గోల్ఫు క్లబ్బులో కేడీగా సంచులు మోసిన యువకుడు. అదే మైదానంలో 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. ఆ పోటీని గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడతడు. 1993లో మరల గెలిచినాడు. ఆ వార్త ఉర్దూ పత్రికలో వచ్చిన రోజున కేడీల షెడ్డులో మిఠాయి పంచినారట. ఆ కాగితం ముక్క మా తండ్రిగారి ట్రంకుపెట్టెలో ఇంకను ఉన్నది.

ఇక అసలు సంగతి. 2009లో విశ్వవిద్యాలయ వసతిగృహంలో చేరునప్పుడు దరఖాస్తులో "తండ్రి వృత్తి" అని ఒక గడి ఉన్నది. పక్కన నిలబడినవారు తహశీలుదారు, ఉపాధ్యాయుడు, వ్యవసాయం అని నింపుతున్నారు. మా చేతిలోని కలం కొంతసేపు ఆగినది. నాలుగవ తరగతి నవ్వు వినబడినది. "మిలిటరీ ఉద్యోగి" అని వ్రాసినాము. ఎవరూ చూడలేదు. ఎవరూ అడుగలేదు. చెప్పు ముక్కుతో రెండు జానలు.

ఆ సంవత్సరం రంజాను వెళ్ళిన తరువాత ఒకనాడు మా తండ్రిగారు టిఫిను డబ్బాలో ఖుర్మా పట్టుకొని వసతిగృహానికి వచ్చినారు. మా గదిలో ఉండే మిత్రుడు వరంగల్లు వైపువాడు, మంచివాడు. లేచి కుర్చీ వేసి "నమస్తే అంకుల్. మీరు మిలిటరీలో అని విన్నాను, ఏ రెజిమెంటు?" అని ఎంతో గౌరవంగా అడిగినాడు. మా తండ్రిగారు మా ముఖం చూచినారు. ఆనాడు తుమ్మకంప దగ్గర చూడనివారు ఈనాడు చూచినారు. ఆ చూపు ఒక్క క్షణం కంటె ఎక్కువ లేదు. ఆ క్షణంలో మేము ఏమి కోరుకొన్నామో వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. వారు అబద్ధం ఆడవలెనని కోరుకొన్నాము.

"మిలిటరీ సాబుల మైదానంలో పని బాబూ" అన్నారు. మిత్రుడు తల ఊపినాడు. అతనికి అది మైదానంలో కవాతుగా వినబడి ఉండును. మా తండ్రిగారు ఆడినది అబద్ధం కాదు. మమ్ములను పట్టి ఇచ్చుటయు కాదు. డబ్బా అక్కడ పెట్టి, నీళ్ళు త్రాగి, బస్సు పోతుందని వెళ్ళిపోయినారు. తార్నాకవరకు తోడు వెళ్ళినాము. దారిలో పరీక్షలెప్పుడని మాత్రమే అడిగినారు.

ఉద్యోగం వచ్చిన తరువాత మొదటి జీతంతో వారికి చేతిగడియారం కొని తెచ్చి, ఆ రోజు సంగతి ఎత్తబోయినాము. "అబ్బా, ఆనాడు హాస్టలులో" అని మొదలుపెట్టగానే, "ఆ రోజు బస్సు దొరకక చాల ఆలస్యమైనది, మీ అమ్మీ కోప్పడినది" అని మాట తప్పించినారు. వారికి తెలియక కాదు. అది మేము ఒక్కరమే వ్రాసికొనవలసిన దెబ్బ అని వారి ఉద్దేశమేమో. లేక ముసలితనంలో కొడుకు క్షమాపణ వినుట కష్టమేమో. మాకు నేటికిని తెలియదు.

మోకాళ్ళు పనిచేయక వారు సంచి మోయుట మానివేసి చాల కాలమైనది. ఇప్పుడు డాబామీద కూర్చుండి ఆరేండ్ల మనుమనికి ఆ ఏడవ నంబరు ఐరన్ పట్టుకొనే పద్ధతి నేర్పుతున్నారు. పిడి పొట్టిగా చేయుటకు సగం కోసి గుడ్డ చుట్టినారు. బంతి ప్లాస్టికుది. అది నీళ్ళ డ్రమ్ము వెనుక ఇరుకుకొన్నప్పుడు వాడు తాతవైపు చూస్తాడు. తాత ఆకాశంవైపు చూస్తారు.

ఆ దరఖాస్తును ఇప్పుడు దిద్దుటకు వీలు లేదు. అందువలన ఆ గడిలో వ్రాయవలసినదానిని ఈ సంచికలో వ్రాసినాము. తరగతిలో మా విద్యార్థులు ఆ మాట విని నవ్వినను మంచిదే.

ఒక్క చిక్కు మాత్రం మిగిలినది. ఉర్దూ విభాగంవారు ఈ వ్యాసాన్ని అనువదించి తమ పుటలలో వేసికొంటామని అడుగుతున్నారు. మా తండ్రిగారికి తెలుగు మాట్లాడ వచ్చును గాని చదువ రాదు. ఉర్దూ పుటలనైతే కళ్ళద్దాలు పెట్టుకొని మొదటినుండి చివరివరకు, ప్రకటనలతో సహా చదువుతారు. వసతిగృహం సంగతి వ్రాసిన భాగాన్ని అనువాదంలో ఉంచమనుటయా, తీసివేయమనుటయా అని రెండు రోజులనుండి ఆలోచిస్తున్నాము. రేపటిలోగా చెప్పవలెనట.